తమ్ముడికి నేను చెప్పిన లెక్క

పసుపు తవ్వి పొలం ఒడ్డున పోసుకున్న రైతు ముందుగా అడిగే మాట "ఎంతొస్తది?" అని. పచ్చి పసుపును ఉడకబెట్టి, రెండు వారాలు ఎండలో ఆరబోసి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టేసరికి అయిదు బస్తాలు ఉన్నచోట ఒకటి మిగులుతుంది. నేల తడిదైతే ఆ ఒకటి కూడా నిండదు. ఆ మిగిలేది ఎంతో ముందే చెప్పగలిగిన మనిషి కోసం వెతుక్కుంటూ వస్తారు. ఆర్మూర్‌లో అలా నా దగ్గరికి వస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ పసుపు తూచే కాంట దగ్గర కూర్చుంటున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. మొదట్లో ఒక్కో కుప్ప నుంచి పిడికెడు కొమ్ములు తెచ్చి, తూచి, రేకుల మీద ఎండబెట్టి, మళ్లీ రోజూ తూచేవాణ్ని. ఏ నేల పసుపు ఎంత తగ్గుతుందో, ఏ నెలలో తవ్వితే ఎంత తగ్గుతుందో బొగ్గుతో గోడ మీద రాసుకునేవాణ్ని. నాలుగు సీజన్లు గడిచాక గోడ అవసరం లేకపోయింది. కొమ్ము విరిచి లోపలి రంగు చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి చెప్పేసేవాణ్ని. క్వింటాలుకు రెండు మూడు కిలోల కంటే తేడా వచ్చేది కాదు. "నువ్వు చెప్పినవంటే అయిపాయె" అని జనం నా ముఖం మీదే అనేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే మా తమ్ముడి గురించి చెప్పాలి.

వాడు నాకంటే నాలుగేళ్లు చిన్న. పెర్కిట్‌లో ఇల్లు. పదిహేడో ఏట ట్రాక్టర్ ఎక్కాడు, మంచాన పడేదాకా దిగలేదు. పసుపు సీజన్‌లో పసుపు, మొక్కజొన్న సీజన్‌లో మొక్కజొన్న, మధ్యలో ఇసుక, ఇటుక. దానితోపాటే తాగుడు. నా భార్య క్రైస్తవుల ఇంటి పిల్ల. పెళ్లైన ఆరేళ్లకు నేను కూడా బాప్తిస్మం తీసుకున్నాను. ఆ రోజు సాయంత్రం వాడు కాంట దగ్గరికొచ్చి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏందన్నా, నీళ్లల ముంచిండ్రంట గద. కాంట పెట్టినంక ముంచిండ్రా, ముంచినంక పెట్టిండ్రా? తడి ఎక్కువ జూపిస్తది, జర జూస్కో."

హమాలీలు అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వాడి మీద నా మనసులో ఉన్న పట్టీలో అది కూడా చేరింది.

నేను ప్రతి ఆదివారం ప్రార్థనకు వెళ్లేవాణ్ని. మా సంఘానికి ఉన్నది ఒక రేకుల హాలు. అక్కడ విన్నవాటిలో నాకు బాగా పట్టుబడిన మాట ఒకటుంది: ఎంచబడుట. బైబిల్లో ఒక మనిషి ముసలితనంలో దేవుని మాట నమ్మాడు, ఆ నమ్మకం అతనికి నీతిగా ఎంచబడింది అని వచ్చిన ప్రతి పాస్టరు అయ్యగారూ చెప్పేవారు. మా వైపు ఎంచుడు అంటే లెక్కపెట్టడం. గుడ్లు ఎంచుతాం, బస్తాలు ఎంచుతాం, విస్తళ్లు ఎంచుతాం. అందుకని ఆ మాట వినబడ్డ ప్రతిసారీ నాకు ఒక కుప్ప కనబడేది. దేవుడు దాని పక్కన కూర్చుని ఆ మనిషి చేసిన మంచిని ఒక్కొక్కటే తీసి పక్కకు వేస్తున్నాడు. ఆకలైనవాడికి పెట్టిన అన్నం ఒకటి, పట్టిన ఓపిక ఒకటి, నమ్మకం ఒకటి. నమ్మకం మిగతావాటికంటే బరువైనదనుకున్నాను, అంతే. అన్నీ కలిపితే సరిపోయింది, రక్షణ దొరికింది. ఇరవై ఏళ్లు ఆ మాటను ఇలాగే విన్నాను. నువ్వేం అర్థం చేసుకున్నావని ఎవరూ నన్ను అడగలేదు. లెక్క తెలిసిన దేవుడు దొరికాడని లోపల్లోపల నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

పోయిన పసుపు సీజన్ మొదట్లో తమ్ముడి కాలేయం చెడిపోయింది. పెద్ద దవాఖానలో పన్నెండు రోజులు ఉంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వాడి పొట్ట ఉబ్బింది, చేతులు కట్టెల్లా అయ్యాయి. ముందరి వసారాలో నులక మంచం వేసి పడుకోబెట్టారు. నేను రోజూ మధ్యాహ్నం ఆటోలో వెళ్లి గంటసేపు కూర్చుని వచ్చేవాణ్ని. ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఒక బుధవారం వాడి భార్య, మా మరదలు, నీళ్ల కోసం పోయినప్పుడు వాడే మొదలుపెట్టాడు.

"అన్నా, డాక్టర్ ఏమన్నడో నాకు ఎవ్వలు చెప్తలేరు. నీ మరదలు ఏడుస్తలేదు. అంటే ఏడ్సుడు అయిపోయిందన్నట్టే."

"మంచిగైతది తియ్."

"నీకు అబద్ధం చాతగాదు, ఎందుకు తిప్పలపడ్తవు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఊరోళ్ల కుప్పలన్ని జూసి ఎంతొస్తదో చెప్తవు గద. నాది జూడు ఒకసారి."

"నీది ఏముంది జూసుడు?"

"నేను చేసిన మంచి ఎంత, చెడ్డ ఎంత. ఉడకబెట్టి ఎండబెడ్తే ఏమన్న మిగుల్తదా? గా మీ ఏసయ్య దగ్గర నడుస్తదా?"

"పరాచికాలా?"

"పరాచికాలాడే ఓపిక ఉంటే నీతోని ఎందుకు ఆడుత? పక్కింటోనితోని ఆడుత."

అప్పుడు వాడు చెప్పడం మొదలుపెట్టాడు. భార్యను కొట్టింది చెప్పాడు. ఎన్నిసార్లో గుర్తులేదని, కానీ ఒకసారి మాత్రం బాగా గుర్తుందని చెప్పాడు. అమ్మ చివరి రోజుల్లో మందు తెమ్మని పంపితే పోచంపాడ్‌లో చేపల కూర, సీసా ముందు పెట్టుకుని కూర్చుని మర్నాడు వచ్చిన సంగతి చెప్పాడు. అది నాకు తెలిసిందే. నేను మరిచిపోలేదు. తర్వాత నాకు తెలియనిది ఒకటి చెప్పాడు.

"నాలుగేండ్ల కింద. ఇందల్వాయి దాటుతున్న. మక్కల ట్రాలీ. తెల్లారుతుంది, మంచు మస్తుగున్నది. ఒకాయన సైకిల్ మీద పోతుండు, తలకు తువ్వాల చుట్టుకున్నడు. ట్రాలీ తాకింది."

"సచ్చిండా?"

"గదే నాకు తెల్వది. నేను ఆపలె. ఎనుకకు గూడ సూడలె."

"తాగి ఉన్నవా?"

"లేను. గదే నాకు బాధ. తాగుంటే తాగిన అనుకుందును."

మంచి సంగతులు కూడా ఉన్నాయి. కాలువలో కొట్టుకుపోతున్న ఇద్దరు పిల్లల్ని దూకి బయటికి తీశాడు. రోడ్లన్నీ మునిగిన వానాకాలంలో పురిటి నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషిని ట్రాలీలో వేసుకుని దవాఖానకు చేర్చాడు. అవి వాడు చెప్పలేదు, నేనే గుర్తు చేశాను. "అవి గూడ ఎయ్" అన్నాడు, పెద్దగా ఆశ లేకుండా.

ఆ క్షణాన నేను వాడి చెయ్యి పట్టుకుని ఇంకేదైనా మాట అనవచ్చు. అనలేదు. "రెండ్రోజులు ఆగు, జూసి చెప్త" అన్నాను. సరుకు సంగతి పూర్తిగా తెలియకుండా లెక్క చెప్పకూడదన్నది నా పద్ధతి. వాడు నన్ను అడిగింది లెక్కే కదా అనుకున్నాను.

మర్నాడు బస్సెక్కి ఇందల్వాయి వెళ్లాను. హైవే పక్కన పంక్చర్ షాపులో ఒక ముసలాయన ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. నాలుగేళ్ల కింద చలికాలంలో ఇక్కడ ట్రాక్టర్ తాకి సైకిల్ మీది మనిషి ఎవరైనా పడ్డాడా అని అడిగాను.

"ఏ మనిషి సారూ? గీ రోడ్డు మీద పడనోడు ఎవడు?" అన్నాడు. "సైకిలోళ్లంటే, ఒకాయన సచ్చిండు. ఇంకొకాయన కాలిరిగి బతికిండు, ఇప్పుడు కొడుకు దగ్గరున్నడు. మీకు ఏ ఆయన గావాలె?"

తమ్ముడు తాకింది ఏ ఆయననో నాకు తెలియదు.

"ఇన్సూరెన్సోళ్లా?" అని అడిగాడు. కాదన్నాను. "మరింక మీకెందుకు?" అని మళ్లీ ట్యూబు ముంచాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని లెక్క వేశాను. కుప్పలో తడి ఎంతుందో తేలనప్పుడు ఎక్కువే ఉందనుకుని చెప్పాలి. లేకపోతే ఆశపడ్డ రైతు దెబ్బతింటాడు. ఇది నేను గోడ మీద బొగ్గుతో రాసుకున్న కాలం నుంచి పాటిస్తున్న నియమం. ఆ నియమం ప్రకారం చనిపోయింది తమ్ముడు తాకిన మనిషే అనుకున్నాను. కాలువలో పిల్లలిద్దరినీ, ట్రాలీలో చేర్చిన మనిషినీ, ఆమె బిడ్డనూ ఇటువైపు వేశాను. అమ్మనూ, మరదలినీ, సైకిల్ మనిషినీ అటువైపు వేశాను. వాడు ఇప్పుడు ప్రభువును నమ్ముకుంటే ఆ నమ్మకం ఎంతవుతుందో కూడా వేసి చూశాను. రెండుసార్లు చూశాను. పక్షపాతం చూపకూడదని, నా సొంత తమ్ముడైనా చూపకూడదని అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే, అమ్మ మందు సంగతి దగ్గర నా చెయ్యి కొంచెం బరువుగానే పడింది.

శుక్రవారం వెళ్లాను. వాడి కళ్లు పూర్తిగా పచ్చబడ్డాయి. మాట ముద్దగా వస్తోంది గానీ తెలివి ఉంది.

"జూసినవా?" అన్నాడు.

"జూసిన."

"చెప్పు మరి."

"తక్కువ పడ్తది."

వాడు నన్నే చూస్తూ ఉన్నాడు. "ఎంత?"

"శాన."

"నమ్ముకుంటే?"

"అది గూడ ఎంచిన. అయినా తక్కువే."

"సరే తియ్. నువ్వు చెప్పినవంటే అయిపాయె," అన్నాడు. కోపం లేదు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరగడానికి చాలాసేపు పట్టింది, నేను సాయం చేశాను.

ఆ రోజూ, మర్నాడూ కాంట దగ్గర నా పని నేను చేసుకున్నాను. నిజం చెప్పినవాడికి ఉండే తృప్తి లాంటిదేదో ఉండింది, దాన్ని దాచను. కానీ అన్నం లోపలికి పోలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, అయ్యగారికి జరిగిందంతా చెప్పాను. ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు, ఇక్కడికొచ్చి మూడేళ్లయింది. కుర్చీలు మడతపెడుతూ వింటున్నవాడు, "అది గూడ ఎంచిన" అన్న దగ్గర ఆగిపోయాడు.

"ఏం చేశానన్నారు?"

"ఎంచిన అయ్యగారూ. నమ్మకాన్ని గూడ లెక్కల ఏసి ఎంచిన."

ఆయన కుర్చీ కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు. "ఎంచడమంటే మీ వైపు లెక్కపెట్టడమాండీ?"

"మరి ఇంకేంది?"

"మూడేళ్లుగా ఆ మాట మీద ఎన్నిసార్లు ప్రసంగం చేశానో" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత నాకు చెప్పాడు. అక్కడ ఎంచడమంటే ఉన్నవి ఏరి కూడడం కాదట. ఒకణ్ణి ఫలానావాడిగా చూడడమట. మనిషి దగ్గర నీతి అని చెప్పుకోదగ్గది ఏమీ లేనప్పుడు, క్రీస్తు నీతిని ఆ మనిషిదిగా దేవుడు చూస్తాడట. నమ్మకం కుప్పలో వేసే ఇంకో కొమ్ము కాదట. అది ఉత్త చెయ్యి, పుచ్చుకోవడానికి చాచింది, అంతే.

"గట్లయితే అది దొంగ కాంట గద అయ్యగారూ," అన్నాను. నాకు కోపం వచ్చింది. "లేంది ఉన్నట్టు జూపిస్తే మా దగ్గర కొట్టి పంపిస్తరు."

"ఆ తేడా ఎవడూ మోయకపోతే దొంగ కాంటే," అన్నాడు. "మోసినవాడున్నాడండీ. సిలువంటే మరేమిటి?"

నేను నిలబడే ఉన్నాను. సైకిల్ మీది మనిషి సంగతి అడిగాను. ఆ తప్పు బరువు కూడా ఏసయ్యే మోశాడా, అలాగైతే ఆ మనిషి గతేమిటి, అతని ఇంటివాళ్ల గతేమిటి అని అడిగాను. మీ తమ్ముడు బతికి లేస్తే ఆ ఇంటికి వెళ్లి నిలబడాల్సిందే, కానీ అలా నిలబడి సంపాదించేది కాదు రక్షణ అన్నాడు అయ్యగారు. తర్వాత, నన్ను చూసి కాదు, బయట రోడ్డు చూసి అడిగాడు: "మీ తమ్ముడు మీ మాట నమ్మారా?"

"నా మాట అందరు నమ్ముతరు," అన్నాను. అన్నాకే అది నాకు వినబడింది.

ఆటో దొరికేదాకా ఆగలేక పెర్కిట్ వైపు నడవడం మొదలుపెట్టాను, సగం దారిలో ఒకటి ఎక్కించుకుంది. ఎండ నడినెత్తిన ఉంది. రోడ్డు పొడవునా ఇళ్ల ముందు పసుపు ఆరబోసి ఉంది. ఇల్లు చేరేసరికి మరదలు గుమ్మంలోనే కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి పిలిస్తే పలకడం లేదని, దవాఖానవాళ్లు ఇలా అవుతుందని ముందే చెప్పారని అంది. వాడు నేను తిప్పిన వైపుకే, గోడవైపుకే తిరిగి పడుకుని ఉన్నాడు. గురక లాంటి ఊపిరి. ఆమె లోపలికి పోయాక నేను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వంగి, వాడి చెవిలో చెప్పాను.

"నా లెక్క తప్పురా. ఎంచుడంటే గట్ల కాదంట. నీ దగ్గర ఏం లేకున్నా పర్వాలేదంట, నా దగ్గర గూడ ఏం లేదు. ఉత్త చేతులతోనే పోవచ్చంట. నమ్ము చాలు. ఇంటున్నవా? నేను తప్పు చెప్పిన."

జీవితంలో ఎవరికైనా నా లెక్క తప్పని చెప్పడం అదే మొదటిసారి. వాడి రెప్ప కదలలేదు. చెయ్యి పట్టుకున్నాను, వేళ్లు బిగుస్తాయేమోనని చూశాను. బిగుసుకోలేదు. మంగళవారం మధ్యాహ్నం, మరదలు గంజి చల్లారబెడుతుండగా ఊపిరి ఆగిపోయింది.

అంత్యక్రియలన్నీ వాళ్ల హిందూ పద్ధతిలోనే చేశారు. నేను పాడె మోశాను, పక్కకు తప్పుకోలేదు. తర్వాతి ఆదివారం అయ్యగారిని అడిగాను, వాడి సంగతి ఏమవుతుందని. నాకు తెలియదండీ అన్నాడు. "తెలిసినట్టు చెబితే నేనూ మీరు చేసిన పనే చేసినట్టవుతుంది" అని, నా మాట దేవుని చెయ్యి ఆపేంత పెద్దది కాదని మాత్రం నమ్మమన్నాడు. నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను. ఇరవై ఏళ్లలో నేను నావైపు వేసుకున్నవి, ఉపవాసాలు, తాగనందుకు, కొట్టనందుకు, తూకంలో ఎవరినీ మోసం చేయనందుకు వేసుకున్నవి, వాటినిప్పుడు తీసి చూసుకోలేకపోతున్నాను. వాటిని చూసుకునే కదా వాడికి తక్కువ పడుతుందని చెప్పాను. నాక్కూడా ఇక ఉత్త చేతులే మిగిలాయి. అందులో హాయి ఉంటుందని పాటల్లో పాడతారు. నాకు ఇంకా తెలియలేదు.

పదకొండో రోజు అందరూ తిని వెళ్లాక మరదలు వసారాలో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"బావా, గా శుక్రారం నువ్వు ఏం చెప్పినవు ఆయనకు?"

చెప్పాను. ఏమీ దాచలేదు, సైకిల్ మనిషి సంగతి కూడా.

"నువ్వు పోయినంక నేనే అడిగిన," అంది. "మీ అన్నోళ్ల అయ్యగారిని పిలువనా, ప్రార్థన జేస్తడేమో అని. నేనేం మీ దాంట్ల కలిసినదాన్ని గాదు, ఏదో ఒకటి నిమ్మలంగ ఉంటడని. వద్దన్నడు. ఎందుకే, అన్న జూసిండు గద అన్నడు."

నేను తల వంచుకున్నాను. ఆమె గొంతులో నింద లేదు, అది ఉంటే నయమయ్యేది.

"మల్ల ఐతారం వచ్చి చెవుల ఏందో చెప్పినవు గద. తలుపు సందుల నుంచి జూసిన. గదేంది?"

"నా లెక్క తప్పని చెప్పిన. నమ్మితే చాలని చెప్పిన."

ఆమె ముఖం కొంచెం తేటపడింది. "ఇన్నడంటవా?"

"తెల్వది."

"ఏ చెవుల చెప్పినవు?"

గోడవైపు తిరిగి పడుకున్నాడు, కుడి చెవి దిండు మీద ఉంది, నాకు అందింది ఎడమది. ఆ సంగతే చెప్పాను.

ఆమె చీర కొంగు సరిచేసుకుంటూ, నన్ను బాధపెట్టకుండా ఎలా చెప్పాలా అన్నట్టు మెల్లగా అంది: "ఆయనకు ఎడమ చెవు ఇనరాదు బావా. ట్రాక్టర్ సప్పుడుకు ఎన్నడో పోయింది. నీకు తెల్వదా?"

తెలియదు. నేను మాట్లాడుతుంటే వాడెప్పుడూ ముఖం పక్కకు తిప్పేవాడు. వినే చెవిని నావైపు పెడుతున్నాడని నాకు తెలియదు. అన్నంటే లెక్కలేక తిప్పుకుంటున్నాడనుకున్నాను. బస్సులో కూర్చుని లెక్క వేసిన రోజు, దాన్ని కూడా అటువైపే వేశాను.